నాన్నని కచేరీకి తీసుకెళ్లే ముందు

చిన్నీ,

నువ్వు పంపిన టికెట్ల ఫోటో నిన్న రాత్రి పడుకోబోతూ చూశాను. ఇక నిద్ర పట్టలేదు. ఆ టికెట్ల మీద ఉన్నవి మీ నాన్న హాస్టల్ గది గోడమీద రాసుకున్న పాత రాక్ బ్యాండ్ల పేర్లు. ఆ మనుషులు డెబ్భై అయిదు దాటాక బెంగళూరు వచ్చి వాయించబోతున్నారు, ఆయన్ని అనంతపురం నుంచి తీసుకొచ్చేది నువ్వు. ఫోన్లో చెప్దామనుకున్నాను గానీ ఫోన్లో అయితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

నేను మీతో రావడం లేదు. ఎందుకో చెవుల సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

ప్రోగ్రెసివ్ రాక్ అనే ఈ పొడుగాటి పాటల సంగీతం మా ఇంట్లోకి ఒక క్యాసెట్‌గా వచ్చింది. 1979లో మీ నాన్న ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అతని రూమ్మేట్ మద్రాసు బర్మా బజార్‌లో ఖాళీ టీడీకే 90 క్యాసెట్ కొని, ఎవరి దగ్గరో ఉన్న ఎల్పీ, అంటే గ్రామఫోన్ ప్లేటు నుంచి ఎక్కించుకొచ్చాడు. ఆ క్యాసెట్ ఒక్కో వైపు 45 నిమిషాలు తిరుగుతుంది. మొదటి వైపు మొత్తం ఒకే పాట! జెత్రో టల్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ 1972లో చేసిన 'థిక్ యాజ్ ఎ బ్రిక్'. దాదాపు 44 నిమిషాలు. ఎల్పీ ఒక వైపు అంత పట్టదు కాబట్టి దాన్ని రెండు వైపులకి పంచారు. ఎక్కించిన అబ్బాయి ప్లేటు తిప్పి మళ్లీ ముల్లు పెట్టిన చోట క్యాసెట్లో 'టక్' అని చిన్న శబ్దం ఉండేది. అది కూడా పాటలోదే అనుకున్నాను నేను. చాలా ఏళ్ల తర్వాత సీడీలో విన్నప్పుడు ఆ టక్ రాకపోతే ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. మా అమ్మ వంటింట్లోంచి "ఇంకా అదే పాటా?" అని అడిగేది. అవునమ్మా, అదే పాట అనేవాళ్లం ఇద్దరం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కచేరీ రోజు నీకు పెద్ద ఇబ్బంది జనమో ట్రాఫిక్కో అవ్వదు. పాట పొడుగు అవుతుంది. ఇరవై నిమిషాల పాటలో మొదటి అయిదు నిమిషాలకి పల్లవి రాదు, పదో నిమిషంలో ఎవరో ఆర్గన్ మీద ఒక్కడే వాయిస్తుంటాడు, పదిహేనులో మొదట విన్న వరస వేరే వేషంలో తిరిగి వస్తుంది. అలవాటు లేని చెవికి ఇదంతా ఎటు పోతోందో తెలియదు. అందుకని కచేరీకి నెల ముందు నుంచీ వినడం మొదలుపెట్టు. రోజుకి ఒక్కటే. పనిచేస్తూ కాదు, దీపం తగ్గించి, కూర్చుని. కింగ్ క్రిమ్సన్ అనే బ్యాండ్ 1969లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టు, ఆ తర్వాత 1972కి రా. ఆ ఒక్క ఏడాదిలోనే యెస్ అనే బ్యాండ్ వాళ్లు పద్దెనిమిదిన్నర నిమిషాల పాట చేశారు, జెనెసిస్ వాళ్లు ఇరవై మూడు నిమిషాలది చేశారు, టల్ సంగతి చెప్పనే చెప్పాను. మొదటిసారి నచ్చకపోతే కంగారు పడకు, మూడోసారికి దారి తెలుస్తుంది.

నీకు చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం చెప్పించారు కదా, అది ఇక్కడ పనికొస్తుంది. రాగం తానం పల్లవి వినేటప్పుడు మనం తొందరపడం. ఆలాపన ఎంతసేపు సాగినా పల్లవి వస్తుందని తెలుసు, వచ్చాక దాన్ని రకరకాలుగా తిప్పుతారని తెలుసు. ఆ ఓపికే ఇక్కడా తెచ్చుకో. తాళం కూడా అంతే. వీళ్లు నాలుగు లెక్కలో ఊరికే ఉండరు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ పాట 'మనీ' ఏడు లెక్కలో నడుస్తుంది, గిటార్ సోలో దగ్గర నాలుగుకి మారుతుంది. టల్ వాళ్లకి అయిదు లెక్కలో పాటే ఉంది. ఇంగ్లిష్ వాళ్లకి ఇవి వింత లెక్కలు. నువ్వు "తకిట తకధిమి" అని ఏడు లెక్కల మిశ్ర చాపు నేర్చుకున్నదానివి, నీకెందుకు భయం? తొడమీద వేళ్లతో లెక్క పెట్టుకుంటూ విను. లెక్క కుదిరిన క్షణంలో పాట నీదవుతుంది. మన బెంగళూరు బ్యాండ్ అగమ్ వాళ్లు త్యాగరాజస్వామి 'మనవ్యాలకించ' కీర్తనని రాక్ బ్యాండ్‌తో వాయించింది నీకు ఒకసారి పంపాను, గుర్తుందా? అది మళ్లీ విను. ఈ రెండు లోకాలూ ఎంత దగ్గరో నా మాటలకన్నా అదే బాగా చెప్తుంది.

ఇంకో మాట. మన కచేరీల్లో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలవగానే కొందరు లేచి కాఫీకి పోతారు. రామనవమి రోజుల్లో చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. నువ్వు డ్రమ్ సోలో అప్పుడు లేవకు. ఆ వయసు మనిషి రెండు చేతులు, రెండు కాళ్లు నాలుగు దారుల్లో నడిపించడం ఎదురుగా చూసే అవకాశం నీకు మళ్లీ రాకపోవచ్చు. అలాగే బాగా నెమ్మదిగా, సన్నగా నడిచే చోట అరవకు, ఈల వేయకు. పాట అయిపోయిందనుకునేలా ఆగి మళ్లీ మొదలవుతుంది. చప్పట్లకి తొందరపడకుండా మీ నాన్న చేతులు చూడు. ఆయన కొడితేనే నువ్వూ కొట్టు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. వాళ్లు ముసలివాళ్లయ్యారు చిన్నీ. రికార్డులో విన్న గొంతు కోసం వెళ్తే వెనక్కి వచ్చేది నిరాశే. చాలామంది శ్రుతి తగ్గించి పాడుతున్నారు, పై స్థాయి వచ్చే చోట వరస మార్చుకుంటున్నారు, లేదా పక్కనున్న కుర్రవాడి చేత పాడిస్తున్నారు. నీ వెనక నిలబడ్డవాళ్లు "ముందులా లేదు" అంటారు. వినకు. బాలమురళిగారు ఎనభై దాటాక పాడితే నేను వెళ్లి విన్నాను. ముప్పై ఏళ్ల నాటి గొంతు కావాలని అక్కడ ఎవరూ అడగలేదు. పాటలో ఒక్కో సంగతిని ఎక్కడ వదిలేస్తున్నారో, ఎక్కడ ఇంకా పట్టుకుంటున్నారో, అది వినడానికే అందరం ముందుకి వంగి కూర్చున్నాం. టల్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్ 1947లో పుట్టాడు. తనకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉందని 2020లో ఆయనే బయటపెట్టాడు. వేణువు ఊదే మనిషికి ఊపిరే కదా ఆస్తి. ఆ తర్వాత కూడా 2022లో, 2023లో, 2025లో కొత్త ఆల్బమ్‌లు తెచ్చాడు. జెనెసిస్ వాళ్లు 2022 మార్చిలో లండన్‌లో చివరి కచేరీ చేసినప్పుడు వాళ్ల గాయకుడు ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు, ఆయన ఒకప్పుడు కూర్చున్న డ్రమ్స్ దగ్గర ఆయన కొడుకు కూర్చున్నాడు. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను మొదటిసారి. రెండోసారి చూశాక, ఆ కుర్చీలో మనిషిని చూడగలిగినవాళ్లు అదృష్టవంతులు అనిపించింది.

"బ్యాండ్‌లో మొదట ఉన్న అసలు వాళ్లు ఎంతమంది ఉన్నారు?" అని కూడా అడుగుతారు. తక్కువే ఉంటారు. పింక్ ఫ్లాయిడ్ రిచర్డ్ రైట్ 2008లో పోయాడు. యెస్ బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వైర్ 2015లో. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బ్యాండ్‌లో 2016లో కీత్ ఎమర్సన్, అదే ఏడాది చివర్లో గ్రెగ్ లేక్. రష్ బ్యాండ్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ 2020 జనవరిలో. 1968లో యెస్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరూ ఇవాళ ఆ బ్యాండ్‌లో లేరు. 1970లో చేరిన స్టీవ్ హౌ నడిపిస్తున్నాడు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. మన సురభి నాటకాలు చూడు. 1885 నుంచి తరాలుగా ఆడుతున్నారు. తెర లేచాక ఆ పాత్ర ఎవరు మోస్తున్నారో, ఎంత ప్రేమగా మోస్తున్నారో అదే చూస్తాం. నీల్ పియర్ట్ లేని రష్‌ని ఊహించలేం అనుకున్న నేనే, మిగిలిన ఇద్దరూ ఆనికా నిల్లెస్ అనే అమ్మాయిని డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టి మళ్లీ వేదికెక్కుతామని 2025లో ప్రకటించినప్పుడు సంతోషంతో మీ నాన్నకి ఫోన్ చేశాను.

వేదికమీద కంప్యూటర్లు కనిపిస్తే కూడా ముఖం చిట్లించకు. పాత రికార్డుల్లో వయొలిన్ల గుంపులా, కోరస్‌లా వినిపించేది చాలాచోట్ల మెల్లోట్రాన్ అనే వాద్యం. అందులో ఒక్కో మెట్టు (కీ) కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ టేపు నడుస్తుంది, ఎనిమిది సెకన్లకి అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు లాగి మొదటికి తెస్తుంది. ఊరూరా మోసుకెళ్తే శ్రుతి తప్పేది, టేపులు ఇరుక్కునేవి. ఇవాళ అదే స్వరం డిజిటల్ కీబోర్డులోంచి వస్తే మంచిదే.

ఇక చెవులు. 2002 ఏప్రిల్‌లో పింక్ ఫ్లాయిడ్ పాత సభ్యుడు రోజర్ వాటర్స్ ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించాడు. ఆయనకి అప్పుడు 58. నాకు నలభై కూడా నిండలేదు. మీ నాన్నకి సెలవు దొరకలేదు, ఆఫీసు స్నేహితురాళ్లిద్దరితో వెళ్లాను. దగ్గరగా చూడాలన్న ఆశతో ఎడమవైపు స్పీకర్ల గుట్ట ముందు నిలబడ్డాను. కచేరీ అంతా అక్కడే. ఆ రాత్రిని ఎప్పటికీ మర్చిపోలేను, పాటలవల్లా, ఎడమ చెవివల్లా. రెండు రోజులు ఆ చెవిలో ఈగ తిరిగినట్టు హోరు. తగ్గింది, మళ్లీ కొన్నాళ్లకి వచ్చింది, ఇప్పుడు పోవడం మానేసింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చుంటే నాకు నిశ్శబ్దం వినపడదు. రెండేళ్ల కిందట డాక్టరు ఇక పెద్ద కచేరీలు వద్దన్నారు. నేను రాకపోవడానికి కారణం ఇదే. తలుచుకుంటే దుఃఖం వస్తుంది, కానీ ఉన్న చెవులతో ఇంట్లో వినాలన్న ఆశ ఇంకా ఎక్కువ.

కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట తీసేయకు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి రోజుకి 8 గంటలు తట్టుకుంటుందని లెక్క. అక్కణ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగం అవుతుంది. 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. స్పీకర్ల ముందు 100 దాటడం మామూలు, కచేరీ రెండు మూడు గంటలు. ఇద్దరికీ ఇయర్ ప్లగ్స్ కొను. మెడికల్ షాపులో దొరికే స్పాంజివి అయినా నయమే, కాకపోతే అవి సన్నటి స్వరాలని ఎక్కువ మింగేసి పాటని దుప్పట్లోంచి విన్నట్టు చేస్తాయి. సంగీతం వాయించేవాళ్ల కోసం చేసినవి వేరే ఉంటాయి, అన్ని స్వరాలనీ దాదాపు ఒకే పాళ్లలో తగ్గిస్తాయి. ఆన్‌లైన్‌లో చూడు. మీ నాన్న "నాకెందుకే ఇవి" అంటాడు. నా పేరు చెప్పు.

ఎక్కడ ఉండాలో కూడా చెప్తాను. వేదికకి ఎదురుగా, జనం మధ్యలో, సౌండ్ ఇంజినీర్ కూర్చునే కన్సోల్ ఉంటుంది. కమ్మీ కట్టి ఉంటుంది చుట్టూ. ఆ ఇంజినీరు తన చెవికి ఎలా వినిపిస్తే అలా అన్నీ కలుపుతాడు, అందుకని మైదానం మొత్తంలో పాట సరిగ్గా వినిపించేది ఆ చుట్టుపక్కలే. మరీ ముందుకి పోతే డ్రమ్సూ బేసూ గుండెల్లో కొడతాయి, గొంతు నలిగిపోతుంది. పక్కకి పోతే ఒక వైపు స్పీకర్లే వినిపిస్తాయి. మరీ వెనక్కి పోతే ఇంకో తిప్పలు, శబ్దం సెకనుకి 340 మీటర్లే వెళ్తుంది కాబట్టి వంద మీటర్ల దూరంలో కర్ర డ్రమ్ము మీద పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. తాళం వేసేవాళ్లకి అది నరకం. కన్సోల్ కమ్మీకి ఆనుకుంటే నడుముకీ ఆసరా దొరుకుతుంది, మనలాంటి పొట్టివాళ్ల వెనక నుంచి తోపులాటా ఉండదు.

నువ్వు కొన్నది నిలబడే టికెట్ అని ఫోటోలో కనిపించింది. వీలైతే కుర్చీలున్న విభాగానికి మార్చు, తేడా డబ్బు నేనిస్తాను. మీ నాన్న మోకాళ్ల సంగతి నీకు పూర్తిగా తెలియదు, నొప్పి అని నీ ముందు అనడు. "మీ కోసం మార్చాను" అని చెప్పావా, నాకేం ముసలితనం వచ్చిందా అని కోపం చేస్తాడు. నిలబడితే నీకు నడుము నొప్పి అని చెప్పు. ఆయన బీపీ మాత్ర వేళకి వేయించు. మధ్యలో విరామం ఉందో లేదో మాత్రం ముందే తెలుసుకో, ఆ వయసులో బాత్రూమ్ సంగతి చిన్న విషయం కాదు. ఏ పాటలు వాయిస్తారో నెట్‌లో చూసి ఆయనకి చెప్పేయకు గానీ. మొదటి స్వరం వినగానే ఏ పాటో గుర్తుపట్టి ఆయన నీ చెయ్యి పట్టుకునే క్షణం ఉంటుంది, దాన్ని పాడుచేయకు.

ప్రయాణం తేలికే. ట్రైన్‌లో వచ్చి యశ్వంతపూర్‌లో దిగండి, మా ఇంటికి దగ్గర. పొద్దున్నే వస్తే మధ్యాహ్నం ఆయన కాసేపు పడుకోవచ్చు. కచేరీ మాదావర దగ్గరున్న నైస్ గ్రౌండ్స్‌లో కాబట్టి కారు తీయకండి. 2024 నవంబరు నుంచి గ్రీన్ లైన్ మెట్రో మాదావర దాకా వెళ్తోంది, మల్లేశ్వరంలో ఎక్కితే రైలు మారే పనే లేదు. తిరుగు ప్రయాణానికి టికెట్టో కార్డో ముందే చూసుకో, ఆ రోజు చివరి రైలు ఎన్నింటికో అడుగు. రాత్రి పది తర్వాత బయట లౌడ్ స్పీకర్లు మోగకూడదని 2000 నాటి నిబంధన ఉంది, అందుకని ఇక్కడ కచేరీలు సాయంత్రమే మొదలై పదికి ముగుస్తాయి. ఆలస్యంగా వెళ్తే మొదటి బ్యాండ్ మీకు దక్కదు. నీళ్ల సీసా, గొడుగు, పవర్ బ్యాంక్ లోపలికి రానివ్వకపోవచ్చు. గొడుగు బదులు పల్చటి రెయిన్ కోటు మడిచి పెట్టుకో. టికెట్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచు, అంత జనంలో నెట్ పనిచేయదు. పాత చెప్పులు వద్దు, కొత్తవీ వద్దు, అలవాటైన బూట్లు వేసుకోండి ఇద్దరూ.

లోపలికి వెళ్లగానే బయటికి దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి పెట్టుకో. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అప్పటి నుంచి ఈ ఊళ్లో ఎవరు జనంలోకి వెళ్తున్నా నాకు టెన్షన్. చివరి పాట అయిపోగానే గేటు వైపు పరుగెత్తకండి. పదిహేను నిమిషాలు కూర్చునే ఉండండి, జనం పల్చబడ్డాక లేవండి. ఒకవేళ విడిపోతే ఆ కన్సోల్ దగ్గర కలుద్దామని ముందే అనుకోండి.

ఫోను జేబులో పెట్టేయ్. కింగ్ క్రిమ్సన్ వాళ్లకి చివరి ఏళ్లలో ఒక పద్ధతి ఉండేది. కచేరీ అంతా ఎవరూ ఫోటో తీయకూడదు. చివర్లో వాళ్ల బేస్ వాద్యకారుడు టోనీ లెవిన్ తన కెమెరా చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం జనమూ తీసుకోవచ్చు. ఎంత మర్యాదైన ఏర్పాటు! మీరూ అలాగే చేయండి. ఒకే ఒక్క ఫోటో తీయి, అది కూడా వేదికది వద్దు. ఆయనకి బాగా ఇష్టమైన పాట నడుస్తున్నప్పుడు ఆయన ముఖాన్ని తీయి. నాకు అదొక్కటి పంపు.

2008 చివర్లో జెత్రో టల్ సితార్ వాయించే అనౌష్కా శంకర్‌తో కలిసి మన దేశంలో పర్యటించింది. ఆ ఏడాది మా అత్తగారికి ఒంట్లో బాగోలేక నేను ఇల్లు కదల్లేదు, మీ నాన్న నా కోసం తనూ ఆగిపోయాడు. "మళ్లీ వస్తార్లే" అన్నాడు. అందుకే నీ టికెట్ల ఫోటో చూసి నాకు నిద్ర పట్టలేదు.

రాత్రి ఎంతసేపైనా మేలుకునే ఉంటాను. పెరుగన్నం కలిపి ఉంచుతాను, ఊరగాయ మీ అమ్మ పంపిందే ఉంది. రాగానే పడుకుంటామనకండి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా చెప్పాలి నాకు. ఆ టీడీకే క్యాసెట్ ఇంకా ఆయన బీరువాలోనే ఉంటుంది, పాత సర్టిఫికెట్ల ఫైలు కింద చూడు. ఆయనకి చెప్పకుండా నీ బ్యాగులో వేసుకురా. నా టేప్ రికార్డరు పోయిన వారమే బెల్టు మార్పించాను.

మీ అత్త
మల్లేశ్వరం, బెంగళూరు